బరువు అడగని తెరచాప

మనిషి మీద మనిషికి ఈర్ష్య పుట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. దర్జీకి తన తోడల్లుడి మీద మొదటిసారి కడుపు మండింది ఒక అల్మారా తలుపు దగ్గర. మరదలి పెళ్ళయిన కొత్తలో ఆ దంపతులు భోజనానికి వచ్చారు. ఆర్నెల్లుగా కీచుమంటున్న అల్మారా తలుపును కొత్త అల్లుడు కబుర్లు చెబుతూ చెబుతూనే, జేబులోంచి వేలెడంత స్క్రూడ్రైవర్ తీసి బిగించేశాడు. తలుపు మళ్ళీ కిక్కురుమనలేదు. "చూశారా?" అంది దర్జీ భార్య మొగుడి వైపు తిరిగి. ఆ ఒక్క మాట అతని చెవిలో ఇరవై ఏళ్ళుగా మోగుతూనే ఉంది.

తోడల్లుడిది కళ్ళద్దాల షాపు. తియ్యటి మాట, నెరవని జుట్టు, ఎవరింటికి వెళ్ళినా ముందు పిల్లల్ని పేరుపెట్టి పలకరించే అలవాటు. అతను జోకు వేస్తే జనం నవ్వుతారు. అదే జోకు దర్జీ వేస్తే, ఏమన్నారు, మళ్ళీ చెప్పండి అంటారు. అన్నిటికంటే పెద్ద కష్టం ఏమిటంటే, దర్జీ పెట్టుకునే కళ్ళద్దాలు కూడా ఆ తోడల్లుడు చేసి ఇచ్చినవే. ఆ మహానుభావుణ్ణి మనసులో తిట్టుకుందామని తలెత్తి చూసినా, ఆయనగారి అద్దాల్లోంచే చూడాలి.

దర్జీ అని అందరూ పిలుస్తారు గాని అతను చొక్కా కుట్టి ముప్పై ఏళ్ళు దాటింది. సోఫా కవర్లు, దుకాణాల ముందు కట్టే ఎండ గుడ్డలు, లారీల టార్పాలిన్లు కుడతాడు. అసలు ప్రాణం పెట్టే పని మాత్రం పడవల తెరచాపలు. లాండ్రీ వెనక ఉన్న పొడవాటి గది అతని కార్ఖానా. అందులో బల్ల లేదు, నేలే బల్ల. కుట్టు మిషను నేలలో తీసిన గోతిలో ఉంటుంది. దర్జీ అందులోకి దిగి కూర్చుంటే గుడ్డ నేల మీద నీళ్ళలా జారుతూ సూది కిందకి వస్తుంది. లోపలికి వచ్చినవాళ్ళకి నడుము పైభాగమే కనిపిస్తుంది. "సగం దర్జీ ఇక్కడున్నాడు, మిగతా సగం ఎక్కడ?" అని తోడల్లుడు ఒకసారి అంటే గదిలో ఉన్న నలుగురూ పడీ పడీ నవ్వారు. ఆ జోకునూ అతను మరచిపోలేదు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరో ఒక చిరిగిన తెరచాపను మాసిక వెయ్యమని తెచ్చారు. అది ఎలా కుట్టారో తెలుసుకోవాలన్న పిచ్చితో కుట్టు కుట్టూ విప్పేశాడు. పడవ యజమాని నానా తిట్లూ తిట్టాడు. దర్జీ మూడు వారాలు నేల మీద పాకి, ఆ ముక్కల్ని చూసి కొత్తది కుట్టి ఇచ్చాడు. ఆ తెరచాప ఆ ఏడు ఊరి సరస్సు మీద పడవ పందెం గెలిచింది. అప్పటినుంచి సరస్సు మీద తిరిగే పాత చెక్క పడవలు ముప్పైకీ తెరచాపలు అతని చేతివే. అవి అతనికంటే ముందు పుట్టిన పడవలు. ఇద్దరే కూర్చోవాలి. వెనక ఒకరు చుక్కాని పట్టుకోవాలి, ముందు ఒకరు తాళ్ళు చూసుకోవాలి, గాలి ఎక్కువైతే ఇద్దరూ అంచు మీదికెక్కి బయటికి వాలాలి. ఏటా ఒక శనివారం, ఒక ఆదివారం వాటికి పందాలు జరుగుతాయి.

తెరచాప కుట్టడం అంటే గుడ్డ ముక్కలు కలపడం కాదు, దానికి ఎంత పొట్ట పెట్టాలో తెలియడం అని దర్జీ అంటాడు. ముక్కలు కలిసే చోట అంచును కాస్త వంపుగా కోస్తే, పైకెత్తినప్పుడు గాలి నిండి పొట్టలా ఉబ్బుతుంది. సన్నగాలికి పొట్ట కావాలి. పెద్ద గాలికి చదునుగా ఉండాలి, లేకపోతే పడవను పడగొడుతుంది. పొట్ట ఎంతన్నది పడవలో కూర్చునేవాళ్ళ బరువును బట్టి కూడా ఉంటుంది. అందుకే ఎవరు పని తెచ్చినా దర్జీ మొదటి ప్రశ్న ఒకటే. "ఎవరెవరు కూర్చుంటారు? బరువెంత?" ఆ రెండు అంకెలూ నేల మీద సుద్దతో రాసుకున్నాకే గుడ్డ చుట్ట విప్పుతాడు. ఈ ప్రశ్నకి ఆడవాళ్ళు కొందరు మొహం చిట్లించుకున్నారు, మగవాళ్ళు కొందరు అబద్ధమాడారు. అడగకుండా మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్క గుడ్డా కొయ్యలేదు.

ఎనిమిదేళ్ళ కిందట తోడల్లుడు తనకీ పడవ నేర్పమన్నాడు. బావమరుదుల ముందు కాదనలేక దర్జీ నేర్పాడు. పై ఏడాదికల్లా కళ్ళద్దాలాయన ఏడో నంబరు పడవ కొనుక్కుని, దానికి అద్దంలా వార్నిష్ కొట్టించుకుని, పందెంలో గురువుగారికి మూడు పడవల ముందు వచ్చాడు. తర్వాత రెండుసార్లు కప్పు కూడా ఎత్తుకెళ్ళాడు. దర్జీ తన ముప్పై ఒక్కేళ్ళలో నాలుగుసార్లు గెలిచాడు గాని, తోడల్లుడు నీళ్ళలోకి దిగాక ఒక్కసారీ గెలవలేదు. ఇదంతా అతను ఎవరితోనూ అనలేదు. అనకపోవడం వల్లే అది లోపల బాగా మాగింది.

అయినా ఒక్కటి మాత్రం తనకుంది, తోడల్లుడికి లేదు అని దర్జీ ధైర్యం. కూతురు. కళ్ళద్దాలాయనకి పిల్లల్లేరు. అమ్మాయి పన్నెండో ఏట తండ్రి పడవలో ముందు కూర్చుంది. పద్నాలుగేళ్ళు అక్కడే కూర్చుంది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం, చెయ్యి వణకదు, కన్ను తప్పదు. తండ్రి నోరు విప్పకముందే ఏ తాడు లాగాలో ఆమెకి తెలుసు. ఆ పిల్ల అతని పడవలో ఉన్నంతకాలం ఎన్నో స్థానంలో వచ్చినా దర్జీకి ఒక మూల గెలిచినట్టే ఉండేది.

ఆ ఏడు చలి తగ్గుతుండగా, పడవ అడుగు గీకుతూ కూతురు అడిగింది, ఈసారి చుక్కాని నేను పట్టుకోనా నాన్నా అని. దర్జీ నవ్వేశాడు. నీ బరువుకి చుక్కాని పడితే పడవ నిన్నే మోసుకుపోతుంది, ఇంకో రెండేళ్ళాగు అన్నాడు. రెండేళ్ళ కిందట కూడా ఇదే మాట అన్నావు అని ఆమె గుర్తుచేసింది. అతనికి కోపం వచ్చింది. చుక్కాని పట్టుకునేవాడు ఒక్కడే ఉంటాడు, పడవ నాది అన్నాడు. ఆమె గీకుడు కాగితం కింద పెట్టి, చేతులు దులుపుకుని, "అయితే ఈ ఏడు నేను రాను నాన్నా" అని వెళ్ళిపోయింది. అలక, నాలుగు రోజుల్లో తీరుతుందిలే అనుకున్నాడు. అది తీరలేదు. ఆదివారాలు పిన్ని వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉండేది కాదు. దర్జీకి అది కూడా గుచ్చుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తోడల్లుడు కార్ఖానాకి వచ్చాడు. ఏడో నంబరు తెరచాప పాతబడి నిలువునా చిరిగింది, కొత్తది కావాలన్నాడు. దర్జీ గోతిలోంచి లేవకుండానే తలూపాడు. సుద్దముక్క చేతిలో ఉంది, నేల ఖాళీగా ఉంది, కాని ప్రశ్న రాలేదు. కళ్ళద్దాలాయన కాసేపు నిలబడ్డాడు.

"బరువులు రాసుకోరా అన్నయ్యా? ఈసారి కొంచెం మారింది."

"నీ బరువు చూస్తుంటేనే తెలుస్తోంది కదయ్యా, చెప్పాలా?" అన్నాడు దర్జీ.

తోడల్లుడు తన పొట్ట వైపు చూసుకుని నవ్వేశాడు. ఇంకేదో చెప్పబోయి, మిషను చప్పుడు మొదలయ్యేసరికి వెళ్ళిపోయాడు.

ఆ తెరచాపను దర్జీ చదునుగా కోశాడు. బుద్ధి తెలిసే కోశాడు. ఆ సరస్సు మీద పందాలు జరిగే నెలలో గాలి ఉండదని అందరికీ తెలుసు. పందెం రోజుల్లో సగం సేపు పడవలు మొలకెత్తినట్టు కదలకుండా నిలబడతాయి. అలాంటి నీళ్ళ మీద పొట్టలేని తెరచాప అంటే తలుపు చెక్క ఎత్తుకుని తిరిగినట్టే. కుట్టులో మాత్రం ఒక్క లోపం లేదు. అంచులు దిట్టంగా మడిచాడు, కంతలకి ఇత్తడి చుట్లు చేత్తో కుట్టాడు. ఎవరైనా వేలెత్తి చూపడానికి లేదు. తన పడవకి అదే వారంలో కొత్తది కుట్టుకున్నాడు, నిండు పొట్టతో, సన్నగాలిని కూడా వదలకుండా పట్టుకునేలా. రెండూ పక్కపక్కన మడిచి పెట్టాక అతనికి రెండు మూడు రోజులు ఆకలి బాగా వేసింది.

పందాలకి ముందు శుక్రవారం మధ్యాహ్నం నుంచి గాలి లేచింది. పడవల క్లబ్బు గోడకి చేర్చి ఆరేసిన తడి బట్టలు తాడుతో సహా లేచి పడుతున్నాయి. రేవులో కట్టిన పడవల కొయ్యలకి తాళ్ళు కొట్టుకుని టకటకలాడుతున్నాయి. రెండు రోజులు ఇంతేనట అని ఎవరో చెప్పారు. దర్జీ ఒకసారి నీళ్ళ వైపు చూసి, గాలిదేముంది, పొద్దునకి పడిపోతుంది అనుకుంటూ నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఏ పడవలో ఎవరు అన్న జాబితా అక్కడ అంటించి ఉంది. ఏడో నంబరు పక్కన, చుక్కాని పట్టేవాళ్ళ గడిలో, తన కూతురు పేరుంది. ముందు కూర్చునే గడిలో తోడల్లుడి పేరుంది.

దర్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలు మారలేదు. ఆదివారాలు పిన్ని ఇంటికి ఎందుకు వెళ్ళిందో అప్పుడు తెలిసింది. బరువులు మారాయి అని తోడల్లుడు ఎందుకన్నాడో కూడా తెలిసింది. ఒళ్ళంతా నిప్పు పాకినట్టయింది. పడవ, జుట్టు, జోకులు, కప్పులు చాలక చివరికి నా కూతుర్ని కూడానా అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో సంగతి తగిలింది. ఆ చదును తెరచాప కింద రేపు కూర్చునేది తన పిల్ల. తోడల్లుడికని తవ్విన గోతిలో తన పిల్లనే దింపాడు.

ఇప్పుడు వెళ్ళి చెప్పాలంటే ఏమని చెప్పాలి? తేలు కుట్టిన దొంగలా ఇంటికి వెళ్ళి, అన్నం కెలికి లేచిపోయాడు. భార్యకి ముందే తెలుసని ఆమె మొహం చూస్తేనే అర్థమైంది. అడిగితే ఆమె దాచలేదు. మరిదిగారికి భుజం నొప్పి, చుక్కాని పట్టలేకపోతున్నారట, పడవ అమ్మాయికే ఇచ్చారు అంది. "మీరు ఇవ్వలేదుగా" అని మాత్రం కలిపింది.

శనివారం పొద్దున గాలి తగ్గలేదు, ఇంకా పెరిగింది. నీళ్ళు నల్లగా మారి, అలల తలలు తెల్లగా విరిగిపోతున్నాయి. దర్జీ పడవలో ముందు కూర్చోవడానికి కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్ వచ్చాడు. మనిషి మంచివాడే గాని ఏ తాడు ఎక్కడిదో అడిగి తెలుసుకునేలోపు గాలి దిక్కు మారేది. హారన్ మోగింది. దర్జీ తెరచాప నిండు పొట్టతో ఉబ్బింది. ఏ పొట్టను చూసి వారం కిందట మురిసిపోయాడో ఆ పొట్టే ఇప్పుడు పడవను పక్కకి ఒరగదోసింది. తాడు వదిలితే గుడ్డ చెవులు పగిలేలా కొట్టుకుంటుంది, లాగితే పడవ పడుకుంటుంది. మొదటి మలుపు దగ్గర తెరచాప కింది అడ్డకొయ్య వచ్చి చెంప మీద తగిలింది. కళ్ళద్దాలు వంకరపోయి ఒక చెవికి వేళ్ళాడాయి. రెండో మలుపు దగ్గర పడవ మొత్తంగా తిరగబడింది. మెకానిక్ నీళ్ళలోంచి తేలి, ఇది గ్యారంటీ కింద వస్తుందా అన్నాడు. దర్జీకి నవ్వు రాలేదు.

తిరగబడిన పడవ అడుగును పట్టుకుని వేళ్ళాడుతూ అతను ఏడో నంబరును చూశాడు. చదునైన తెరచాప గాలిని కోస్తూ నిటారుగా నిలబడి ఉంది. పడవ పరుగెత్తుతోంది. వెనక కూతురు, కాళ్ళు అంచు కింద ఇరికించి, వీపు నీళ్ళకి తాకేంత బయటికి వాలి, కళ్ళు మాత్రం తెరచాప పైకొస మీద పెట్టి ఉంది. అలా చూడాలని నేర్పింది అతనే. ముందు తోడల్లుడు తన తొంభై చిల్లర కిలోలూ అంచు అవతలికి వాల్చి, ఆమె ఎటు చెబితే అటు లాగుతున్నాడు. తెరచాపకి పెట్టని పొట్టంతా అతని చొక్కా కింద ఉంది, అది కూడా ఈ గాలిలో పనికొస్తోంది. ఆ మనిషికి లావు కూడా కలిసొచ్చిందే అని దర్జీ నీళ్ళలో ఉండి ఏడ్చాడు. సరస్సు నీళ్ళతో మొహం ఎలాగూ తడిసే ఉంది, ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు రెండు పందాలూ కూతురే గెలిచింది. రెండోదాంట్లో దర్జీ తిరగబడకుండా చివరిదాకా వచ్చాడు, పందొమ్మిదో స్థానం. ఒడ్డున అందరూ ఏడో నంబరు చుట్టూ మూగారు. గుడ్డను వేళ్ళతో తడిమి చూస్తున్నారు. ఇంత గాలి వస్తుందని దర్జీకి ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోతున్నారు. ఎవరో వచ్చి అతని వీపు తట్టారు. సొంత పడవకి పొట్ట పెట్టుకుని కూతురికి చదునుది ఇచ్చారే, తండ్రి మనసు అంటే అదీ అన్నారు. దర్జీ వంగి తడి చొక్కా అంచు పిండుకున్నాడు. అవునని తల ఊపలేదు, కాదనీ అనలేదు.

సాయంత్రం ఇంట్లో అమ్మాయి అరచేతులకి మందు రాసుకుంటూ కూర్చుంది. తాడు ఒరుసుకుని రెండూ ఎర్రగా కమిలిపోయాయి. దర్జీ అవతల కుర్చీలో కూర్చుని వంకరపోయిన కళ్ళద్దాలను వేళ్ళతో సరిచెయ్యబోయి ఇంకాస్త వంచాడు. ఏదైనా అంటుందేమోనని చూశాడు. ఆమె రేపటి గాలి గురించి తల్లితో మాట్లాడింది, బాబాయి భుజం గురించి మాట్లాడింది. తెరచాప మాటెత్తలేదు. బాబాయి అనే మాట ఆమె నోట్లోంచి వచ్చినప్పుడల్లా దర్జీ లెక్కపెట్టాడు. పదకొండుసార్లు.

ఆదివారం ఒక్కటే పందెం. దర్జీ పొద్దున్నే వెళ్ళి తన తెరచాపను కింద అంచు నుంచి ఎంత లాగి బిగించగలడో అంత బిగించాడు. సగం పొట్ట పోయింది. మెకానిక్కి తాళ్ళ మీద రంగు గుడ్డలు కట్టి, ఎర్రది అంటే ఎర్రది లాగు అన్నాడు. ఆ రోజు పడవ మాట వింది. సగం దూరానికి ఏడో నంబరు అతనికి రెండు పడవల ముందుంది అంతే. ఆ కాసేపు దర్జీ తండ్రీ కాదు, తోడల్లుడూ కాదు, వట్టి ఆకలిగొన్న మనిషి. పట్టుకుంటాను, ఇవాళ పట్టుకుని తీరతాను అని పళ్ళు బిగించాడు. కూతురు ఓడిపోతే తన పడవలోకి తిరిగొస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు గాని తాడు మాత్రం వదల్లేదు.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఒక పెద్ద గాలి నీళ్ళను నల్లగా తొక్కుకుంటూ వచ్చింది. అది దగ్గరికి రాకముందే కూతురు చూసింది. ఒక్క మాట అంది, తోడల్లుడు బయటికి వాలాడు, ఆమె చుక్కానిని రెండు వేళ్ళంత కదిపింది. చదును తెరచాప వణకనైనా వణకలేదు. పడవ ముక్కు లేచి, నీళ్ళ మీద జారిపోయింది. అదే గాలి దర్జీ పడవ మీద పడ్డప్పుడు మిగిలిన సగం పొట్టా ఉబ్బి, అతను తాడు వదిలెయ్యాల్సి వచ్చింది. ఆమె వెళ్ళిపోవడాన్ని అతను వెనకనుంచి చూశాడు. తను పట్టినా అంత బాగా పట్టేవాడు కాదని అతనికి తెలుసు. ఆ చేతుల మీద కూడా అతనికి ఈర్ష్య పుట్టింది.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. గెలిచినవాళ్ళు కప్పు ముట్టుకునేముందు, ఆ పడవకి పనిచేసిన చేతులు లేచి నిలబడి తామేం చేశారో, ఎందుకలా చేశారో చెప్పాలి. కార్యదర్శి దాన్ని ఒక లావుపాటి పుస్తకంలో రాసుకుంటుంది. ముందు తరం వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు, తాళ్ళు పేనేవాళ్ళు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. తెరచాపలన్నీ దర్జీవే కాబట్టి ఎవరు గెలిచినా ఏటా అతను లేచి నిలబడతాడు. ఏటా గొంతు సవరించుకుని, బరువింత, అందుకని పొట్ట ఇంత అని గర్వంగా చెబుతాడు. ఏడాది మొత్తంలో నలుగురూ నోరు మూసుకుని అతని మాట వినేది ఆ ఒక్క నిమిషమే.

ఆ సాయంత్రం క్లబ్బు హాల్లో, గెలిచిన ఏడో నంబరు గురించి చెప్పమని పిలిచినప్పుడు అతను కుర్చీలోంచి లేవలేదు. తోడల్లుడే ముందు లేచాడు.

"అన్నయ్యకి మొహమాటం. నేను చెబుతాను రాసుకోండి. గాలి వస్తుందని ఆయన ముందే ఊహించారు. అమ్మాయి బరువు తక్కువ కదా, తట్టుకోవాలని చదునుగా కోశారు. నేను అడక్కుండానే కోశారు."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో దర్జీ మూగనోము పట్టి కూర్చుంటే సరిపోయేది. జీవితమంతా కోరుకున్న మంచిపేరు పళ్ళెంలో పెట్టి ఎదురుగా ఉంది. కాని దాన్ని అందిస్తున్నది ఎవరు? అల్మారా తలుపు బిగించినవాడు. చివరికి నా పేరు కూడా నువ్వే బాగుచేసి ఇస్తావా అనుకున్నాడు దర్జీ. నిజాయితీ వల్ల లేచాడని చెబితే అబద్ధమవుతుంది. ఆ పేరు ఆ చేతుల మీదుగా తీసుకోలేక లేచాడు.

"అది కాదండీ," అన్నాడు. "ఈ సరస్సు మీద ఈ నెలలో గాలి ఉండదు. గాలి లేకపోతే మా తోడల్లుడు వెనకబడతాడని చదునుగా కోశాను. బరువులు అడగలేదు. అడిగి ఉంటే మా అమ్మాయి చుక్కాని పడుతోందని తెలిసేది."

హాలంతా నవ్వింది. కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. జోకనుకున్నారు, ముప్పై ఏళ్ళలో దర్జీ మాటకి జనం మళ్ళీ చెప్పమనకుండా నవ్వింది అదే మొదటిసారి. కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ, ఇలాగే రాయమంటారా అని అడిగింది. రాయండి అని కూర్చున్నాడు.

ముగ్గురు నవ్వలేదు. భార్య తల వంచుకుంది. కూతురు తండ్రినే చూస్తోంది. తోడల్లుడు దర్జీ కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఏదో అంటాడని దర్జీ కాచుకున్నాడు. అతను వంగి, దర్జీ ముఖం మీది కళ్ళద్దాలను రెండు చేతులతో తీసి, జేబులోంచి వేలెడంత స్క్రూడ్రైవర్ తీశాడు. కాడను నెమ్మదిగా వంచి, స్క్రూ బిగించి, చొక్కా కొసతో అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టాడు.

"కుడివైపు స్క్రూ అరిగిపోయింది. సోమవారం ఒకసారి షాపుకి రండి అన్నయ్యా," అని వెళ్ళిపోయాడు.

దర్జీకి ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపించాయి. అది కూడా అతని చలవే.

జనం పల్చబడ్డాక దర్జీ రేవు మీదికి వెళ్ళాడు. ఏడో నంబరు తెరచాప ఆరేసి ఉంది. తెరచాప మడవడానికి ఇద్దరు కావాలి. కూతురు ఒక అంచు పట్టుకుని ఉంది. అతను రెండో అంచు పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా మడిచిన అలవాటు, మాటల్లేకుండానే మొదటి మడత పడింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"శుక్రవారం పొద్దున. పైకెత్తగానే తెలిసింది. నీ కోత నాకు తెలియదా?"

"చెప్పలేదే."

"బాబాయికి చెబితే బాధపడతాడు. నీకు చెబితే నువ్వు ఒప్పుకోవు. గాలి రావాలని దండం పెట్టుకున్నాను."

రెండో మడత పడింది. మడత మడతకీ ఇద్దరూ ఒక్కో అడుగు దగ్గరవుతారు.

"చుక్కాని నీ చేతిలో ఉంటుందని తెలిస్తే అలా కుట్టేవాణ్ణి కాదమ్మా. ప్రాణం పెట్టి కుట్టేవాణ్ణి."

"తెలుసు నాన్నా. నిండుగా పొట్ట పెట్టేవాడివి. నేనూ నీలాగే నీళ్ళలో పడేదాన్ని."

దర్జీ గుడ్డ వైపు చూశాడు. అతని ప్రేమ ఆమెని ఓడించేది, అతని ఏడుపు ఆమెని గెలిపించింది. ఇన్నేళ్ళ పనితనంలో ఇలాంటి లెక్క ఎప్పుడూ ఎదురు కాలేదు.

"వచ్చే ఏడు మన పడవ చుక్కాని నువ్వే పట్టుకో," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి రెండు మడతల సేపు పట్టింది.

ఆమె అంచుకి అంచు చేర్చి, గోటితో మడతను నొక్కింది. కోపం లేదు ఆ ముఖంలో.

"బాబాయిని నేను అడగలేదు నాన్నా. ఆయనే ఇచ్చాడు. నేను ఏడో నంబరులోనే ఉంటాను."

చివరి మడత దగ్గర ఇద్దరి చేతులూ కలిశాయి. ఆమె కమిలిన అరచేయి అతని వేళ్ళకి గరుకుగా తగిలింది. ఆమె తెరచాపను సంచిలో పెట్టి, భుజాన వేసుకోబోయింది. దర్జీ ఆ సంచి పట్టీ పట్టుకుని ఆపాడు. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, రేవు చెక్క మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏటా ఇలాంటి గాలి రాదు. సన్నగాలికి నీకు ఇంకోటి కావాలి. నీ బరువెంత?"

"యాభై రెండు."

రాసుకున్నాడు. ముందు కూర్చునే మనిషి సంగతి కూడా అడగాలి. అడక్కుండా కొయ్యకూడదు. గాలికి ఆరిన పెదాలు తడుపుకుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ బాబాయిది?"

"తొంభై నాలుగు."

యాభై రెండు కింద తొంభై నాలుగు రాస్తుంటే సుద్దముక్క విరిగింది. విరిగిన ముక్కతోనే రాసి, కింద గీత గీసి, కూడాడు.